నొక్కితే ఖర్చు, కొంటే కమీషన్

“గూగుల్‌లో డబ్బు కట్టి ప్రకటన వేసి, ఎవరి సరుకో అమ్మిపెట్టి, ఇంట్లో కూర్చునే కమీషన్ సంపాదించొచ్చట కదా, నిజమేనా?” కరీంనగర్, మంచిర్యాల, నిర్మల్, ఆదిలాబాద్ వైపు ఈ ప్రశ్న ఇప్పుడు తరచుగా వినబడుతోంది. డిగ్రీ పూర్తయి ఉద్యోగం రాని పిల్లలు అడుగుతున్నారు. గల్ఫ్ నుంచి తిరిగొచ్చి ఇక్కడేం చేద్దామా అని చూసేవాళ్లు అడుగుతున్నారు. సెల్‌ఫోన్ షాపు నడుపుకొనేవాళ్లూ అడుగుతున్నారు.

నిజమే. అలాంటి పని ఉంది, అది చట్టబద్ధమైనదే, దాని మీద బతికేవాళ్లూ ఉన్నారు. అయితే అందులో ఎంత మిగులుతుందనేది మన కష్టం ఒక్కదాని మీదే ఆధారపడదు. మనం వేసిన ప్రకటన ఒక వేలం పాటలోకి వెళ్తుంది. ఆ పాట ఎలా నడుస్తుందో అర్థమైతే లాభం ఎక్కడ పుడుతుందో, ఎక్కడ ఆవిరైపోతుందో తెలుస్తుంది. ఈ అధ్యాయమంతా ఆ పాట గురించే.

అడ్తిదారు కంప్యూటర్‌లోకి వచ్చాడు

ఈ వ్యాపారంలో నలుగురుంటారు. కొనేవాడు, అమ్మే దుకాణం, ఇద్దరినీ కలిపేవాడు, కలపడానికి చోటు అమ్మే వెతుకుడు యంత్రం. మూడో మనిషిని ఇంగ్లిష్‌వాళ్లు అఫిలియేట్ అంటారు, మనం సిఫారసుదారు అందాం. ఉత్తర తెలంగాణ పాఠకులకు ఈయన్ని కొత్తగా పరిచయం చేయనక్కర్లేదు. జమ్మికుంట, ఆదిలాబాద్ పత్తి మార్కెట్లలో అడ్తిదారు చేసేది ఇదే పని. పత్తి ఆయనది కాదు, కొనేదీ ఆయన కాదు. రైతు తెచ్చిన లాట్‌ను ఖరీదుదారుకు కలుపుతాడు, కాంటా అయ్యాక తక్‌పట్టీ రాస్తాడు, నూటికి ఇంత అని తన కమీషన్ పట్టుకుంటాడు. అమ్మకం జరగకపోతే ఆయనకూ ఏమీ రాదు.

ఈ పద్ధతిని ఇంటర్నెట్‌లో బాగా వ్యాప్తిలోకి తెచ్చింది అమెజాన్. 1996 జులైలో, ఇంకా పుస్తకాలు మాత్రమే అమ్ముతున్న రోజుల్లో, సొంత వెబ్‌సైటు ఉన్న ఎవరైనా పుస్తకం పేరు పక్కన తమ దుకాణానికి లంకె పెట్టుకోవచ్చంది. ఆ లంకె మీదుగా వచ్చినవాళ్లు కొంటే కమీషన్ ఇచ్చింది. మరి ఎవరు పంపితే వచ్చాడో దుకాణానికి ఎలా తెలుస్తుంది? 1994లో నెట్‌స్కేప్ కంపెనీలో లూ మాంటుల్లి అనే ఇంజనీరు తయారుచేసిన కుకీ ఇక్కడ పనికొచ్చింది. కుకీ అంటే మన ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో వెబ్‌సైటు దాచిపెట్టే చిన్న గుర్తుచీటీ. “ఈ మనిషిని ఫలానా సిఫారసుదారు పంపాడు” అని దానిలో రాసి ఉంటుంది. చీటీకి గడువు కూడా ఉంటుంది. అమెజాన్‌లో అది 24 గంటలు. ఆ లోపు వస్తువును బుట్టలో వేసుకోకపోతే ఆ సిఫారసు లెక్కలోకి రాదు.

చాలా దుకాణాల్లో చివరి చీటీ ఎవరిదైతే కమీషన్ వాళ్లదే. ఓ మనిషి గంటసేపు ఓపిగ్గా వివరించి ఒప్పించాడు, కొనేవాడు చివరి నిమిషంలో ఎవరిదో కూపన్ లంకె నొక్కాడు, డబ్బంతా కూపన్‌వాడికే. ఇది న్యాయమైన పద్ధతని నేను అనుకోవడం లేదు. మోసానికి దారి తెరిచింది కూడా ఇదే. చూసేవాళ్లు ఏ లంకెనూ నొక్కకుండానే వాళ్ల కంప్యూటర్లలో చాటుగా చీటీలు పెట్టి, వాళ్లు తర్వాత ఎప్పుడో ఈబేలో కొన్నప్పుడు కమీషన్ కొట్టేసిన ఇద్దరు సిఫారసుదారులకు అమెరికా కోర్టులు 2014లో జైలుశిక్ష వేశాయి.

మొదటి వరుస కోసం పాట

ఇప్పుడు నాలుగో మనిషి దగ్గరికి వద్దాం. మనం గూగుల్‌లో “మిక్సీ” అని కొట్టగానే పైన వచ్చే ఒకటి రెండు వరుసల మీద స్పాన్సర్డ్ అని, అంటే డబ్బు కట్టి వేసిన ప్రకటన అని, చిన్నగా రాసి ఉంటుంది. ఆ వరుసలు ఎవరికి దక్కాలో తేల్చడానికి, మనం మాట టైపు చేసి వేలు తీసేలోపే ఒక పాట జరిగిపోతుంది. వెతికిన ప్రతిసారీ కొత్త పాటే. మిక్సీ అనే మాట మీద ఎవరెవరు ఎంత పెడతామన్నారో యంత్రం ముందే రాసుకుని ఉంటుంది. అలా డబ్బు పెట్టి పాడుకునే మాటను కీలకపదం అంటారు. ప్రకటన కనబడినందుకు డబ్బు తీసుకోరు, ఎవరైనా నొక్కితేనే తీసుకుంటారు.

ఈ ఆలోచనను 1998లో మొదట వ్యాపారంగా నడిపింది గూగుల్ కాదు. కాలిఫోర్నియాలో బిల్ గ్రాస్ పెట్టిన గోటూ అనే కంపెనీ నడిపింది. తర్వాత దాని పేరు ఓవర్చర్‌గా మారింది, 2003లో యాహూ కొనేసింది. గోటూ పద్ధతి సూటిగా ఉండేది: ఎక్కువ పాడినవాడు పైన, పాడినంతా కట్టాలి. మన మార్కెట్ యార్డుల్లో 2016 ఏప్రిల్ 14న మొదలైన ఈ-నామ్ కూడా డబ్బు విషయంలో ఇలాంటిదే. ఖరీదుదారు లాట్ చూసి కంప్యూటర్‌లో ధర కొడతాడు, అందరికన్నా ఎక్కువ కొట్టినవాడికి ఆ ధరకే సరుకు. తేడా ఏమిటంటే ఈ-నామ్‌లో పక్కవాడు ఎంత కొట్టాడో కనబడదు, ఒక లాట్‌కు పాట ఒక్కసారే. గోటూలో అందరి ధరలూ అందరికీ కనబడేవి, ఎప్పుడంటే అప్పుడు మార్చుకోవచ్చు.

దాంతో చిత్రమైన పరిస్థితి వచ్చింది. ఒకడికి క్లిక్ ₹10 విలువ చేస్తుంది, ఇంకొకడికి ₹8. కనీస ధర ₹1 అనుకుందాం. ఒకడు రూపాయి పెడితే రెండోవాడు పది పైసలు ఎక్కువ పెడతాడు, మొదటివాడు దానిపైన ఇంకో పది. అలా ₹8 దాకా ఎక్కాక రెండోవాడు విసిగి రూపాయికి దిగిపోతాడు, రెండో వరుసైనా చవగ్గా దక్కుతుంది కదా అని. వెంటనే మొదటివాడూ ₹1.10కి దిగిపోతాడు. మళ్లీ ఆట మొదలు. రోజంతా ఇదే పని. మనుషులకు ఓపిక లేక ధరలు మార్చే ప్రోగ్రాములు రాయించుకున్నారు. కంపెనీకేమో రాబడి ఒక్కసారిగా ఎక్కి ఒక్కసారిగా పడిపోయేది.

2002లో గూగుల్ ఈ పద్ధతి మార్చింది. పాడినంతా కట్టక్కర్లేదు, మన కిందివాడిని దాటడానికి ఎంత అవసరమో అంత కడితే చాలు. దీన్ని రెండో ధర పాట అనొచ్చు. విలియం విక్రీ అనే ఆర్థికవేత్త 1961లోనే దీని గుణం చెప్పాడు. ఒక్కటే వస్తువు ఉన్నప్పుడు ఇలాంటి పాటలో ఎవరైనా తన మనసులో ఉన్న అసలు విలువ చెప్పడమే మంచిది. తక్కువ చెబితే వస్తువు పోతుంది, ఎక్కువ చెబితే నష్టానికి కొనాల్సి రావచ్చు. విక్రీకి 1996లో నోబెల్ బహుమతి ప్రకటించారు, మూడు రోజులకే ఆయన చనిపోయారు. గూగుల్‌లో పాటకు వచ్చేది ఒక్క వస్తువు కాదు, పైనుంచి కిందికి అనేక వరుసలు. అందుకని అక్కడ అసలు విలువ చెప్పడమే ఎప్పుడూ లాభం కాదని ఎడెల్మన్, ఆస్ట్రోవ్‌స్కీ, ష్వార్జ్ అనే ముగ్గురు పరిశోధకులు 2007లో చూపించారు. అయినా రోజంతా ఎక్కడం దిగడం మాత్రం చాలావరకు ఆగింది.

తేమ చూసినట్టే నాణ్యత చూస్తారు

గూగుల్ ఇంకో మార్పు కూడా చేసింది, మన లెక్కకు అదే ముఖ్యం. ఆదిలాబాద్‌లో పత్తి సీజను మొదలైన రోజు గొడవంతా దేని గురించి? తేమ గురించి. బండిలో తేమ యంత్రం గుచ్చినప్పుడు 8 శాతంలోపు చూపితే కేంద్ర పత్తి సంస్థ సీసీఐ పూర్తి మద్దతు ధర ఇస్తుంది, ఆ పైన శాతానికింత కోత, 12 దాటితే కొనదు. ఎన్ని క్వింటాళ్లు తెచ్చామన్నదొక్కటే లెక్క కాదు, సరుకు ఎలా ఉందన్నదీ లెక్కే. గూగుల్ పాటలోనూ డబ్బు పక్కన నాణ్యత మార్కు ఒకటి ఉంటుంది.

అంకెల్లో చూద్దాం. ఒకతను క్లిక్‌కు ₹10 పాడాడు, కానీ అతని ప్రకటన నూరుమందికి కనబడితే నలుగురే నొక్కుతారు. ఇంకొకామె ₹6 మాత్రమే పాడింది, ఆమె ప్రకటనను తొమ్మిదిమంది నొక్కుతారు. గూగుల్‌కు నూరు వెతుకులాటల మీద అతని నుంచి ₹40, ఆమె నుంచి ₹54 వచ్చే వీలుంది. అందుకని ఆమె పైన ఉంటుంది. మరి ఆమె ఎంత కట్టాలి? అతని ₹40ని దాటడానికి తొమ్మిది క్లిక్కుల మీద ఎంత కావాలో అంత, అంటే దాదాపు ₹4.45. ₹10 పాడినవాడు కింద, ₹4.45 కట్టేది పైన. అసలు లెక్కలో నొక్కే అవకాశంతోపాటు, వెతికిన మాటకూ ప్రకటనకూ ఎంత పొంతన ఉంది, నొక్కాక తెరుచుకునే పేజీ ఎంత పనికొస్తుంది అనేవి కూడా కలుస్తాయి.

సిఫారసుదారుకు దెబ్బ తగిలేది ఇక్కడే. సొంత మాట ఒక్కటీ లేకుండా, దుకాణం నుంచి ఎత్తిన ఫొటోలు, “ఇక్కడ కొనండి” అనే బటను మాత్రమే ఉన్న పేజీకి మార్కు పడిపోతుంది. కేవలం ఇంకో చోటికి తోసేయడానికి కట్టిన పేజీలను గూగుల్ నిబంధనలు అసలు ఒప్పుకోవు.

వంద క్లిక్కుల లెక్క

ఇప్పుడు కాగితం తీద్దాం. మిక్సీ ధర ₹4,000. కమీషన్ 5 శాతం అనుకుంటే ఒక అమ్మకానికి ₹200. వందమంది నొక్కితే ఇద్దరు కొన్నారనుకుందాం. వంద క్లిక్కులకు రాబడి ₹400, అంటే ఒక క్లిక్ మనకు ₹4 విలువ చేస్తుంది. అంతకన్నా ఒక్క పైసా ఎక్కువ పెట్టినా నష్టమే. దీనికి తోడు ప్రకటన బిల్లు మీద 18 శాతం జీఎస్టీ పడుతుంది. రిజిస్ట్రేషన్ లేనివాళ్లకు అది వెనక్కి రాదు. అప్పుడు ₹4 క్లిక్ ₹4.72 అవుతుంది. ఆ ఇద్దరిలో ఒకరు మిక్సీ వాపస్ చేస్తే ఆ కమీషనూ పోతుంది.

“సరే, జీఎస్టీతో కలిపి ₹4 దాటకుండానే పాడతాను” అంటారు. ఆ లెక్క మనకొక్కరికే తెలిసి ఉంటే సరిపోయేది. అదే మిక్సీకి అదే 5 శాతం కమీషన్ వచ్చే మిగతా సిఫారసుదారులు కూడా ఇదే కాగితం మీద ఇదే లెక్క వేస్తారు. ఒకడు ₹3 పాడితే ఇంకొకడు ₹3.20 పాడతాడు. లాభం దాదాపు సున్నా అయ్యేదాకా పాట పైకి వెళ్తుంది. దానికితోడు మిక్సీ తయారుచేసే కంపెనీయే పాటలోకి దిగుతుంది. దానికి ఒక్కో అమ్మకం మీద వచ్చేది 5 శాతం కాదు, మొత్తం లాభం. మనకు ₹4 విలువ చేసే క్లిక్ దానికి ₹20 చేయొచ్చు. అందరికీ తెలిసిన వస్తువు, అందరికీ తెలిసిన మాట అయితే సిఫారసుదారుకు మిగిలేది దాదాపు ఏమీ ఉండదు. వాళ్లకు తెలివి లేకపోవడం దీనికి కారణం కాదు, పాట స్వభావమే అంత.

అదృష్టం పోషించే పాత్ర దీనికన్నా ప్రమాదకరం. నూటికి ఇద్దరు కొంటారంటే ప్రతి వందలోనూ కచ్చితంగా ఇద్దరని కాదు. ఒక్కో క్లిక్‌లో కొనకుండా వెళ్లిపోయే అవకాశం 98 శాతం. అది వరుసగా వందసార్లు జరిగే అవకాశం లెక్కకడితే దాదాపు 13 శాతం వస్తుంది. అంటే మంచి ప్రకటన వేసిన ఎనిమిదిమందిలో ఒకరికి మొదటి వంద క్లిక్కుల్లో ఒక్క అమ్మకం కూడా కాదు. “నా వల్ల కాదు” అని వాళ్లు మానేస్తారు.

దీనికి తిరకాసు కూడా ఉంది. అసలు నూటికి ఒక్కరే కొనే, సగానికి సగం నష్టం తెచ్చే ప్రకటనే తీసుకోండి. మొదటి వంద క్లిక్కుల్లో అది రెండో అంతకన్నా ఎక్కువో అమ్మకాలు చూపించే అవకాశం దాదాపు 26 శాతం. అలా వేసిన నలుగురిలో ఒకరికి అది గిట్టుబాటు అయినట్టు కనబడుతుంది. ఆ ఒక్కరు ఉత్సాహంతో బడ్జెట్ పదింతలు చేస్తారు, కొన్నిసార్లు అప్పు తెచ్చి మరీ. ఫోన్‌లో డాష్‌బోర్డు ఫొటో తీసి “మొదటి వారంలోనే నా సంపాదన” అని అందరికీ పంపేది కూడా ఎక్కువగా వీళ్లే. వెయ్యి క్లిక్కుల దాకా వస్తే నూటికి రెండు అనేది 20 అమ్మకాల చుట్టూ, ఒకటి అనేది 10 చుట్టూ తిరుగుతుంది, అప్పుడు తేడా కనబడటం మొదలవుతుంది. వెయ్యి క్లిక్కులంటే ₹4 చొప్పున జీఎస్టీతో ₹4,720. ప్రకటన మంచిదో కాదో తెలుసుకోవడానికే పెట్టే ఖర్చు అది. దాన్ని పోగొట్టుకోగల స్తోమత ఉంటేనే ఈ పనిలోకి దిగాలి.

మరి మిగులు ఎక్కడ?

పక్కవాడికి తెలియనిది మనకు తెలిసిన చోట. పాటలో ధర పెరగడానికి ఇద్దరికీ ఒకటే విషయం తెలిసి ఉండాలి. ఇద్దరిలో ఒకడికే తెలిసింది ధరలోకి ఎక్కదు.

“ఫిలిగ్రీ” అనే మాట తీసుకోండి. కరీంనగర్ వెండి ఫిలిగ్రీకి 2007లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సన్నటి వెండి తీగలను మెలిపెట్టి, అల్లి, అతికి చేసే పని అది. కటక్‌లోనూ ఇలాంటి పనే ఉంది, దానికి 2024లో గుర్తింపు దక్కింది. ఫిలిగ్రీ అని వెతికేవాళ్లలో కటక్ చెవిపోగులు కావాల్సినవాళ్లుంటారు, కాగితం చుట్టి బొమ్మలు చేయడం నేర్చుకోవాల్సినవాళ్లుంటారు, కరీంనగర్ అత్తరుదాను బహుమతిగా ఇవ్వాలనుకునేవాళ్లూ ఉంటారు. మూడోవాళ్లు ఏ మాటలు కొడతారో ఢిల్లీలో కూర్చున్నవాడికన్నా కరీంనగర్‌లో ఉన్నవాళ్లకే బాగా తెలుస్తుంది. నిర్మల్ బొమ్మలైనా, ఆదిలాబాద్ డోక్రా ఇత్తడి వస్తువులైనా ఇంతే. ఇక్కడి సహకార సంఘాలు, అమ్మకందార్లు చిన్న కమీషన్ పద్ధతి పెట్టుకుంటే మన పిల్లలకు పని, కళాకారులకు గిరాకీ రెండూ వస్తాయని నా గట్టి నమ్మకం.

భాష ఇంకో దారి. గూగుల్ హైదరాబాద్‌లో కార్యాలయం తెరిచింది 2004లోనే అయినా, దాని ప్రకటనల వ్యవస్థ తెలుగును అంగీకరించడం 2018లో మొదలైంది. తెలుగులో వెతికే మాటల మీద పాడేవాళ్లు తక్కువ ఉన్నచోట ధర కూడా తక్కువే. కాకపోతే నొక్కాక తెరుచుకునే దుకాణం ఇంగ్లిష్‌లో ఉంటే చాలామంది వెనక్కి వెళ్లిపోతారు. మధ్యలో మన తెలుగు పేజీ విషయాన్ని నిజంగా విప్పి చెప్పగలిగితేనే ఆ చవక పనికొస్తుంది.

ఎవరు నొక్కకూడదో చెప్పడం కూడా విద్యే. “మిక్సీ రిపేర్”, “మిక్సీ సర్వీస్ సెంటర్”, “మిక్సీ సెకండ్ హ్యాండ్” అని వెతికేవాళ్లు కొత్త మిక్సీ కొనరు. ఈ మాటలుంటే నా ప్రకటన చూపొద్దు అని ముందే రాసిపెట్టే వీలుంది. వాటిని మినహాయింపు పదాలు అనొచ్చు. కొత్తవాళ్లు ఎక్కువగా వదిలేసేది ఇదే, డబ్బు కారిపోయేదీ ఇక్కడే.

క్లిక్కు కొనకుండానే జనాన్ని రప్పించే దారి కూడా ఉంది. జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలో 2012లో మొదలైన యూట్యూబ్ చానల్ మై విలేజ్ షో దానికి మన పక్కనే ఉన్న ఉదాహరణ. అందులో కనబడే గంగవ్వ మాట వినడానికి వచ్చినవాళ్లను ఎవరూ పాటలో కొనలేదు. అక్కడ ప్రకటనదారులే తమ డబ్బుతో వాళ్ల వెంట వచ్చారు. నమ్మకం కూడబెట్టడానికి ఏళ్లు పడుతుంది, కానీ దాని ధర ప్రతి వెతుకులాటకూ కొత్తగా కట్టనక్కర్లేదు.

పాటకు కట్టుబాట్లు

దుకాణం పేరు మీదే పాడటం చాలామందికి తట్టే ఉపాయం. అమెజాన్ అని వెతికేవాడికి మన లంకె చూపితే ఎలాగూ కొంటాడు కదా! అందుకే అమెజాన్ తన పేరును కీలకపదంగా కొనడాన్నీ, నొక్కగానే నేరుగా తన దుకాణానికి వెళ్లేలా వెతుకుడు ప్రకటనలు వేయడాన్నీ సిఫారసుదారులకు నిషేధించింది. తెలియక అలా చేస్తే ఖాతా పోతుంది, రావాల్సిన కమీషనూ పోవచ్చు. ఈ నిషేధానికి గట్టి కారణమే ఉంది. 2012లో ఈబే తన సొంత పేరు మీద వేస్తున్న ప్రకటనలను కొన్నాళ్లు ఆపి చూసింది. ప్రకటన ద్వారా వచ్చేవాళ్లలో 99.5 శాతం మంది కిందున్న మామూలు లంకె నొక్కి అలాగే వచ్చేశారు. ఎలాగూ వచ్చేవాడిని తెచ్చానని ఎవరైనా కమీషన్ అడిగితే దుకాణం ఎందుకిస్తుంది?

వేరే కంపెనీ పేరును కీలకపదంగా కొనడం గురించి అగర్వాల్ ప్యాకర్స్ కేసులో ఢిల్లీ హైకోర్టు 2023లో తీర్పిచ్చింది. అలా కొన్నంత మాత్రాన తప్పు కాదు, వెతికేవాడు మోసపోయేలా, ఒకరినొకరు అనుకునేలా ప్రకటన ఉంటే తప్పు అంది. ఈ వ్యవహారంలో గూగుల్ కేవలం ప్రేక్షకుడిలా ఉన్నానని చెప్పుకుంటే కుదరదని కూడా అంది.

కమీషన్ తీసుకుని సిఫారసు చేస్తే ఆ సంగతి కొనేవాడికి కనబడేలా రాయాలి. వినియోగదారుల రక్షణ చట్టం కింద 2022 జూన్‌లో వచ్చిన మార్గదర్శకాలు ఇదే చెబుతున్నాయి. “ఈ లంకె ద్వారా కొంటే మాకు కమీషన్ వస్తుంది” అన్న ఒక్క వాక్యం రాయడానికి సిగ్గుపడే పేజీని నేనైతే నమ్మను. కమీషన్ మీద మూలంలోనే పన్ను కోత ఉంటుంది, 2024 అక్టోబరు నుంచి అది 2 శాతం.

ఇంకొక్కటి విడిగా చెప్పాలి, మన జిల్లాల్లో సిఫారసు కమీషన్‌నూ గొలుసు స్కీమునూ కలిపేసి జనాన్ని ముంచుతున్నారు కాబట్టి. వస్తువు అమ్ముడైతే వచ్చేది సిఫారసు కమీషన్. మనుషులను చేర్పిస్తే, చేరినవాళ్లు డబ్బు కడితే వచ్చేది గొలుసు స్కీము. అలాంటివాటిని 1978 నాటి చట్టమే నిషేధించింది, 2021 డిసెంబరులో వచ్చిన డైరెక్ట్ సెల్లింగ్ నియమాలూ వద్దన్నాయి. ముందుగా వేలల్లో ఫీజు కట్టమనేవాడు, టెలిగ్రామ్‌లో రేటింగులు ఇస్తే డబ్బులనేవాడు అఫిలియేట్ అనే మాట వాడినంత మాత్రాన ఆ పని ఇది అయిపోదు. అలాంటిచోట డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

మీరు నిజంగా దిగాలనుకుంటే కార్డు నంబరు ఇచ్చేముందు మూడు అంకెలు కాగితం మీద రాసుకోండి: ఒక అమ్మకానికి మీకొచ్చే కమీషన్, నూటికి ఎంతమంది కొంటారని మీ అంచనా, జీఎస్టీతో కలిపి ఒక క్లిక్ ధర. మొదటిదాన్ని రెండోదానితో గుణించి నూరుతో భాగిస్తే వచ్చేది మూడోదానికన్నా తక్కువ ఉంటే, ఆ మాట మీద పాడకండి.